పెద్ద ఫిల్మ్ కెమెరా: నల్లగుడ్డ కింద ఏం జరుగుతుంది?

కేరళలోని ఆలప్పుళలో 1940ల్లో ఒక ఫొటో స్టూడియో యజమానికి చిక్కొచ్చిపడింది. కెమెరా తిత్తి పాడైపోయింది, బాగుచేసేవాళ్ళు దొరకలేదు. ఊళ్ళో హార్మోనియాలు చేసే కుటుంబం ఒకటుంటే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. హార్మోనియానికీ తిత్తే కదా ప్రాణం! ఆ ఇంటి కుర్రాడు కరుణాకరన్ తిత్తిని బాగుచేయడంతో ఆగలేదు, ఏకంగా కెమెరానే తయారుచేశాడు. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, మడతల తిత్తి. అలా పుట్టిన ‘వాగీశ్వరి’ కెమెరాలు దేశంలోని ఎన్నో స్టూడియోలకు చేరాయి.

వాద్యాలు చేసే ఇంట్లో కెమెరా పుట్టగలిగిందంటే, ఆ యంత్రంలో దాచిపెట్టిందేమీ లేదు కనకనే. ముందు లెన్స్, వెనక ఫిల్మ్, మధ్యలో చీకటి. అన్నీ కంటి ఎదురుగా ఉంటాయి, అన్నీ చేత్తో కదులుతాయి. ఇవాళ అలాంటి పాత కెమెరా చేతికొచ్చిన కొత్తవాళ్ళు భయపడేది కూడా అందుకే: దానంతటది ఏదీ జరగదు. నేనైతే దాని గొప్పే అదంటాను. ప్రతి మర వెనకా ఒక భౌతికశాస్త్ర కారణముంది. ఆ కారణం తెలిస్తే మరను ఎటు తిప్పాలో బట్టీపట్టనక్కర్లేదు.

ముందు సైజు సంగతి. మామూలు 35 మి.మీ. ఫిల్మ్ మీద ఒక ఫ్రేము 24×36 మి.మీ. 4×5 అంగుళాల షీటు మీద బొమ్మ పడే చోటు సుమారు 95×120 మి.మీ. వైశాల్యం లెక్కగడితే 13 రెట్లు. రెండింటి మీదా ఒకే రసాయనం పూసినా, పెద్ద నెగటివ్‌ని అదే సైజు ప్రింటుకి తక్కువగా పెంచితే చాలు. అందుకే వెండి రేణువులు కంటికి కనబడవు, వెలుగు నీడలోకి జారే తీరు మెత్తగా ఉంటుంది.

అయితే నెగటివ్ పెరిగితే లెన్స్ నాభ్యంతరం కూడా పెరగాలి. చిన్న కెమెరాలో 50 మి.మీ. లెన్స్ చేసే పనికి ఇక్కడ 150 మి.మీ. లెన్స్ కావాలి. నాభ్యంతరం పెరిగేకొద్దీ స్పష్టంగా నిలిచే లోతు తగ్గిపోతుంది. మీటరు దూరంలో కూర్చున్న మనిషిని ఎఫ్/5.6 దగ్గర తీస్తే ఆ లోతు నాలుగైదు సెంటీమీటర్లే. కళ్ళు స్పష్టంగా పడితే చెవులు మసకబారతాయి. ఆ లోతు పెంచడానికే ఈ కెమెరాల్లో వెలుగు దూరే రంధ్రం, అంటే అపెర్చర్, ఎఫ్/22, ఎఫ్/32 దాకా, కొన్ని లెన్సుల్లో ఎఫ్/64 దాకా కూడా మూసుకుంటుంది. 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటి ఫొటోగ్రాఫర్లు తమ బృందానికి ఆ ‘ఎఫ్/64’నే పేరుగా పెట్టుకున్నారు.

మొదటి కెమెరాగా ఏది తీసుకోవాలి? మన పాత స్టూడియోల్లో వాడినవాటిలో హాఫ్ ప్లేటు చెక్క కెమెరాలు చాలా ఉంటాయి. ప్లేటు కొలత 4¾×6½ అంగుళాలు. ముచ్చటైన పనితనం వాటిది. చిక్కల్లా ఫిల్మ్ హోల్డరుతోనే. గాజు ప్లేట్ల కాలంలో హోల్డర్లను ఒక్కో తయారీదారు ఒక్కో కొలతతో చేశారు, ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా అతకదు. హోల్డర్లు లేకుండా చెక్క కెమెరా ఒక్కటే అమ్ముతుంటే కొనొద్దని నా సలహా. 4×5 హోల్డర్లకు మాత్రం ప్రమాణం కుదిరింది. హోల్డరు ముఖం నుంచి ఫిల్మ్ కూర్చునే లోతు 0.197 అంగుళం, అంటే 5 మి.మీ. ఆ ఒక్క అంకె పుణ్యాన 70 ఏళ్ళనాటి కెమెరాకి నిన్న తయారైన హోల్డరు సరిపోతుంది.

అందుకే కొత్తవాళ్ళకు నేను చెప్పేది అమెరికాలోని రోచెస్టర్‌లో తయారైన గ్రాఫ్లెక్స్ వారి క్రౌన్ గ్రాఫిక్ 4×5. 1947 నుంచి 1973 దాకా చేశారు. పత్రికా ఫొటోగ్రాఫర్లు చేత్తో పట్టుకుని పరుగెత్తడానికి పనికొచ్చే దిట్టమైన పెట్టె అది. దాని అన్నగారు స్పీడ్ గ్రాఫిక్. ఇవో జిమా కొండ మీద అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతున్న 1945 నాటి ఫొటోని జో రోసెంతాల్ తీసింది దాంతోనే. స్పీడ్ గ్రాఫిక్‌లో ఫిల్మ్ ముందర గుడ్డతెర షట్టర్ అదనంగా ఉంటుంది, పాతబడ్డాక అది మొరాయిస్తుంది. క్రౌన్‌లో ఆ గొడవ లేదు, షట్టర్ లెన్సులోనే ఉంటుంది.

కొనేముందు మూడు నాలుగు పరీక్షలు చేసితీరాలి. చీకటి గదిలో తిత్తి లోపల ఫోను టార్చి వెలిగించి పెట్టి, తిత్తిని పూర్తిగా సాగదీసి చుట్టూ చూడండి. కంతలుంటే నక్షత్రాల్లా మెరుస్తాయి, ఎక్కువగా మడతల మూలల్లోనే. ఒకటి రెండుంటే నల్ల రంగుతో మూసేయొచ్చు. మూలలన్నీ మెరిస్తే కొత్త తిత్తి వేయించాల్సిందే. ఇక షట్టర్. ఒక సెకను, అర సెకను వేగాల దగ్గర అది మధ్యలో ఆగిపోతుంటే లోపలి నూనె గట్టిపడిందని అర్థం, శుభ్రం చేయించాలి. ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసి, తెరుచుకున్న టక్కుకీ మూసుకున్న టక్కుకీ మధ్య వ్యవధి కొలిస్తే నెమ్మది వేగాలు ఎంత నిజమో తేలిపోతుంది. లెన్సు వెనక టార్చి పెట్టి బూజు, పొగమంచు లాంటి పొర ఉన్నాయేమో చూడాలి. సన్నని గీతలకు మాత్రం బెంగపడక్కర్లేదు, ఫొటోలో వాటి జాడ కనిపించదు.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. కెమెరా వెనక ఉండే గరుకు అద్దం, అంటే గ్రౌండ్ గ్లాస్, సరైన వైపు తిరిగి ఉందా? లెన్స్ పంపే బొమ్మ పడేది అద్దం గరుకు ముఖం మీదే కాబట్టి ఆ ముఖం లెన్స్ వైపు ఉండాలి. ఆ ముఖం ఉన్న తలంలోకే, అద్దం తప్పుకున్నాక, ఫిల్మ్ వచ్చి కూర్చోవాలి. ఎవరో అద్దం తుడిచి తిరగేసి బిగిస్తే అద్దం మందమంత తేడా వస్తుంది. కంటికి ఫోకస్ అద్భుతంగా కనిపిస్తుంది, నెగటివ్ మాత్రం మసగ్గా వస్తుంది. పోగొట్టిన డబ్బుకీ శ్రమకీ కారణం తెలియక జనం లెన్సుని తిడతారు.

ఇక నల్లగుడ్డ కప్పుకుని చూడండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. ఆ తర్వాత అద్దం మీద లోకం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై తేలుతుంది. చెట్టు కొన నుంచి వచ్చిన కిరణం లెన్స్ గుండా నేరుగా దూసుకెళ్ళి అద్దం అడుగున పడుతుంది, మొదలు నుంచి వచ్చింది పైన పడుతుంది. అంతే రహస్యం. మన కంట్లోనూ బొమ్మ తలకిందులుగానే పడుతుంది, తిన్నగా అర్థం చేసుకునేది మెదడు. అసలు ఫిల్మ్ కొనకముందే కొన్నాళ్ళు ఈ అద్దం ముందే గడపమంటాను. మొహం ఎవరిదో, గోడ ఎవరిదో మరచిపోయి వెలుగు ఎక్కడుంది, గీతలు ఎటు పోతున్నాయని కన్ను చూడటం మొదలుపెడుతుంది. ఫోకస్‌ని చిన్న భూతద్దంతో సరిచూసుకోవాలి, అదీ అపెర్చర్ పూర్తిగా తెరిచి ఉంచి.

ఈ కెమెరాలకే సొంతమైన విద్య ఒకటుంది. లెన్స్ పలకా ఫిల్మ్ పలకా వేరువేరుగా కదులుతాయి. చార్మినార్ ముందు నిలబడి ఫోను పైకెత్తి ఫొటో తీస్తే నాలుగు మినార్లూ లోపలికి వాలినట్టు కనిపిస్తాయి. ఫోనుతోపాటు అందులోని సెన్సరు కూడా వాలిపోవడమే కారణం. పెద్ద కెమెరాలో ఫిల్మ్‌ని నిట్టనిలువుగా ఉంచి, లెన్స్ పలకను మాత్రం పైకి జరుపుతారు. లెన్స్ చీకట్లోకి వేసే బొమ్మ నిజానికి పెద్ద వృత్తం, ఫిల్మ్ అందులో ఒక ముక్కనే పట్టుకుంటుంది. లెన్స్ పైకి జరిగితే ఆ వృత్తంలో ఇంకో ముక్క ఫిల్మ్ మీదికి వస్తుంది. కెమెరా వాలదు, మినార్లూ వాలవు. వృత్తం చిన్నదైన లెన్స్ పెడితే ఫొటో మూలలు నల్లబడతాయి. కాబట్టి లెన్స్ కొనేటప్పుడు నాభ్యంతరం ఒక్కటే చూస్తే సరిపోదు, ఎంత వృత్తం వేస్తుందో కూడా అడగాలి.

వంచడం ఇంకా విచిత్రం. వాకిట్లో పెద్ద ముగ్గు వేసుంది, మీ కాళ్ళ దగ్గరి చుక్క నుంచి గడప దాకా అంతా స్పష్టంగా రావాలి. అపెర్చర్ ఎంత మూసినా ఒక్కోసారి సరిపోదు. లెన్స్ పలకను కాస్త ముందుకు వంచితే సరిపోతుంది. స్పష్టత ఉండే తలం నిలువు గోడలా కాక ముగ్గు మీద పరుచుకుంటుంది. ఫిల్మ్ తలం, లెన్స్ తలం, స్పష్టంగా కనిపించే తలం, ఈ మూడూ ఒకే గీత దగ్గర కలుసుకోవాలి, తెరిచిన పుస్తకంలో పుటలన్నీ కుట్టు దగ్గర కలిసినట్టు. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన థియొడోర్ షైమ్‌ఫ్లుగ్ ఆకాశం నుంచి తీసే ఫొటోలను సరిదిద్దడానికి కృషి చేస్తూ 1904లో దీన్ని పేటెంటులో వివరించాడు. అంతకుముందే ఫ్రాన్సుకు చెందిన జూల్ కార్పెంటియె దీన్ని చెప్పాడని తానే రాశాడు, ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. పేరు మాత్రం షైమ్‌ఫ్లుగ్‌దే నిలిచింది.

ఎంత వంచాలి? లెన్స్ నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉందనుకోండి, నాభ్యంతరం 150 మి.మీ. భాగిస్తే 0.1. ఏ కోణపు సైను విలువ 0.1 అవుతుందో అంతే, అంటే సుమారు 6 డిగ్రీలు. కొత్తవాళ్ళు 20 డిగ్రీలు వంచేసి, దృశ్యమంతా చెడిపోయిందని గాభరాపడతారు. క్రౌన్ గ్రాఫిక్‌కి ఈ విషయంలో లోటుంది, దాని లెన్స్ పలక వెనక్కే వంగుతుంది. లెన్స్ పలక నిలబడే అడుగుబల్లను కిందికి దింపి ఆ లోటు కొంత పూడ్చుకోవాలి. చెక్క ఫీల్డ్ కెమెరాలు ఇక్కడ మెరుగు.

వెలుగు లెక్కకు వద్దాం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐ.ఎస్.ఓ. 100 ఫిల్మ్‌కి ఎఫ్/16 దగ్గర సెకనులో నూరోవంతు చాలు. ఎఫ్/32కి మూస్తే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది, కాబట్టి వ్యవధి నాలుగు రెట్లు, అంటే సెకనులో 25వ వంతు. దీనికి తోడు, దగ్గరి వస్తువు తీయాలంటే తిత్తిని సాగదీయాలి. లెన్స్ దూరంగా జరిగేకొద్దీ అదే వెలుగు ఎక్కువ చోటు మీద పరుచుకుని పలచబడుతుంది. 150 మి.మీ. లెన్స్‌తో ముఖం నిండుగా తీయడానికి తిత్తిని 210 మి.మీ. దాకా లాగితే, 210ని 150తో భాగించి వర్గం చేయండి: దాదాపు 2. ఎక్స్‌పోజర్ రెట్టింపు ఇవ్వాలి. చిన్న కెమెరాల్లోని మీటర్లు లెన్స్ గుండా వచ్చిన వెలుగునే కొలుస్తాయి కాబట్టి ఇది వాటిని వాడేవాళ్ళకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇక్కడ ఒక టేపు, కాస్త నోటిలెక్క కావాలి.

ఈ లెక్క ఒంటబట్టినవాళ్ళు ఏం చేయగలరో చెప్పడానికి 1941 నవంబరు 1 సాయంత్రాన్ని మించిన ఉదాహరణ లేదు. న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర ఆన్సెల్ ఆడమ్స్ కారు ఆపాడు. సమాధుల శిలువల మీద ఆఖరి ఎండ పడుతోంది, పైన చంద్రుడు. హడావుడిగా 8×10 కెమెరా నిలబెట్టాడు. వెలుగు మీటరు కనిపించలేదు. చంద్రబింబం ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని ఆయనకు గుర్తుంది. ఆ ఒక్క అంకె మీద లెక్కగట్టి, ఫిల్టరు పెట్టి, ఎఫ్/32 దగ్గర ఒక సెకను ఇచ్చాడు. రెండో షాటు కోసం హోల్డరు తిప్పేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఆడమ్స్ తేదీలు రాసిపెట్టుకునే రకం కాదు. చంద్రుడున్న చోటును బట్టి ఆ తేదీని దశాబ్దాల తర్వాత ఖగోళ లెక్కలతో తేల్చారు.

షాటు తీసే వరసకు కూడా కారణాలున్నాయి. ఫోకస్ అయ్యాక ముందు షట్టర్ మూయాలి, అపెర్చర్ తగ్గించాలి, షట్టర్ మీట ఎక్కించాలి, హోల్డరు దూర్చాలి, అప్పుడే ఫిల్మ్ ముందు అడ్డుగా ఉండే పలక, అంటే డార్క్ స్లైడ్, లాగాలి. షట్టర్ మూయకుండా స్లైడ్ లాగితే ఆ షీటు పోయినట్టే. తీసిన తర్వాత స్లైడ్‌ని తిప్పి, నల్ల అంచు బయటికి కనబడేలా పెట్టాలి. తెల్ల అంచు అంటే ఇంకా వాడని ఫిల్మ్. ఆ తెల్ల అంచుకు చిన్న బొడిపెలు కూడా ఉంటాయి, చీకట్లో వేలితో తడిమితే తెలుస్తుంది.

షీటు ఎక్కించేది కటిక చీకట్లోనే. ఫిల్మ్ మూలన చిన్న గాట్లుంటాయి. షీటుని నిలువుగా పట్టుకుంటే పై అంచున కుడి చివర ఆ గాట్లు వేలికి తగలాలి. అప్పుడు రసాయనపు పూత మీ వైపు ఉన్నట్టు. హోల్డరులో రెండు పక్కలా సన్నని గాళ్ళున్నాయి, వాటి కిందికి షీటు జారాలి. ఒకవైపు గాడి కింద, ఇంకోవైపు గాడి పైన పడటం మామూలుగా జరిగేదే, అందుకే జారాక అంచుల్ని గోటితో నెమ్మదిగా ఎత్తి చూడాలి, లేవకూడదు. ఒక పాడైన షీటుతో ముందు వెలుగులో, తర్వాత కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే చీకట్లో సాధన చేస్తే చేతులు నేర్చుకుంటాయి.

ఆ పూతలో ఏముంది? జెలటిన్‌లో తేలే సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు. 1871లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ వాడొచ్చని ప్రకటించాక ప్లేటుని తడిగా ఉండగానే వాడాల్సిన అవస్థ తీరింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ పెద్ద పెద్ద గాజు ప్లేట్ల మీద చేసిన పని ఆ కాలానిదే. వెలుగు తగిలిన స్ఫటికంలో కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. నాలుగు చేరినా చాలు, డెవలపర్ ఆ స్ఫటికం మొత్తాన్ని వెండిగా మార్చేస్తుంది. కోట్ల రెట్ల పెంపకం అది. ఒంటరి పరమాణువు మాత్రం నిలవదు, కాసేపట్లో రెండోది రాకపోతే చెదిరిపోతుంది. మసక వెలుగులో ఫిల్మ్ మందగించేది అందుకే. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్‌కి మీటరు 10 సెకన్లంటే 20 ఇవ్వాలి.

ఇందులోనే నాకెంతో ఇష్టమైన సంగతొకటుంది. ఒక జెలటిన్‌తో చేసిన ఫిల్మ్ చురుగ్గా, ఇంకో జెలటిన్‌తో చేసింది మందంగా ఎందుకుంటోందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. కొడాక్ పరిశోధకుడు ఎస్.ఇ. షెపర్డ్ 1925లో కారణం కనిపెట్టాడు: గంధకం ఉన్న పదార్థాల జాడలు. ఆవులు మేసిన ఆవ జాతి మొక్కల్లోని ఘాటే వాటి చర్మాల ద్వారా జెలటిన్‌లోకి వచ్చింది. స్ఫటికం మీద ఆ గంధకం ఏర్పరచిన చుక్కల దగ్గరే వెండి పరమాణువులు గుమిగూడతాయి.

షీటు ఫిల్మ్ ఖరీదైన వ్యవహారం కాబట్టి నేర్చుకోవడానికి ఎక్స్-రే ఫిల్మ్ మంచిది. 8×10 షీటుని నాలుగు ముక్కలు చేయొచ్చు, ఒక్కో అంచున ఒకటి రెండు మి.మీ. కత్తిరించాలి, లేకపోతే హోల్డరులో దూరదు. వైద్య పరికరాల దుకాణంలో అడిగేటప్పుడు డెవలపర్‌లో కడిగే రకమని గట్టిగా చెప్పండి. ఇప్పుడు ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది ప్రింటరులో పెట్టే పొడి ఫిల్మ్, కెమెరాకి అది పనికిరాదు. ఎక్స్-రే ఫిల్మ్‌కి ఎర్ర రంగు కనబడదు. కాబట్టి డార్క్‌రూములో ఎర్ర బల్బు వెలిగించుకుని, ట్రేలో బొమ్మ నల్లబడటం కళ్ళారా చూడొచ్చు. ఆ కారణంగానే పెదవులు, ఎర్ర చీర ఫొటోలో బాగా నల్లగా వస్తాయి. ఎండలో ఐ.ఎస్.ఓ. 80 అనుకుని మొదలుపెట్టండి. రెండువైపులా పూత ఉంటుంది, గీతలు తొందరగా పడతాయి, ట్రే అడుగున నున్నని గాజుపలక వేయడం మేలు.

డెవలపింగ్ సూచనలన్నీ 20 డిగ్రీల సెల్సియస్‌కి రాసినవి. మన వేసవిలో కుళాయి నీళ్ళే 30 దాటతాయి. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది. హెచ్‌పీ5కి మామూలు డెవలపర్‌లో ఏడున్నర నిమిషాలు పట్టే పని 24 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అంతకంటే తగ్గితే మచ్చలు మచ్చలుగా వస్తుంది. పైగా వేడినీళ్ళలో జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా లేచిపోతుంది. ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి ట్రేలో తేలనివ్వాలి, నేరుగా వేస్తే మందు పలచబడుతుంది. డెవలపర్, హైపో, కడిగే నీళ్ళు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించేస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది మరో 20 ఏళ్ళకు!

ప్రింటుకి పెద్ద యంత్రం అక్కర్లేదు. నెగటివ్ పెద్దదే కాబట్టి కాగితం మీద నేరుగా పెట్టి, పైన గాజుపలక ఆనించి వెలుగు చూపిస్తే చాలు. డార్క్‌రూము కూడా వద్దనుకుంటే అదే హెర్షెల్ 1842లో కనిపెట్టిన సయనోటైపు ఉంది. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి, నేరుగా ఎండ పడని గదిలో కాగితం మీద పూసి ఆరబెట్టాలి. ఎండలో అతినీల లోహిత కిరణాలు తగిలినచోట ఇనుము రూపం మారి నీలిరంగు పుడుతుంది. మన మే నెల ఎండకు కొద్ది నిమిషాలే పడుతుంది. పూత అంచులు బూడిదరంగుకు తిరిగాక తీసి, పసుపుపచ్చ పోయేదాకా నీళ్ళలో కడగాలి. బాగా నలుపూ తెలుపూ విడివిడిగా ఉండే ఎక్స్-రే నెగటివ్‌లు దీనికి చక్కగా నప్పుతాయి. కడిగిన వెంటనే నీలం పాలిపోయినట్టు ఉంటే మళ్ళీ పూయడానికి తొందరపడకండి, ఆరిన తర్వాత ఒకరోజులో రంగు ముదురుతుంది.